చట్టానికి కూడా కాల్‌షీట్ ఇవ్వండి

ఇరవై నాలుగు క్రాఫ్టుల అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా! ఈ జూబ్లీహిల్స్ కొండ మీద ఇళ్లు కట్టుకున్న పెద్దలారా! ఈ కొండ వాలున బస్తీల్లో ఒక గది అద్దెకు తీసుకుని నలుగురు సర్దుకుంటున్న తమ్ముళ్లారా!

కొన్నాళ్ల కిందట మా యూనిట్‌లో ఒక చిన్న షాటుకు ఏడు టేకులయ్యాయి. నటి తప్పు కాదు, లైటింగ్ తప్పూ కాదు. లొకేషన్ కె.బి.ఆర్. పార్కు గోడకు దగ్గర్లో ఒక ఇంటి డాబా. సింక్ సౌండ్. అమ్మాయి సరిగ్గా చివరి మాట మీదికి వచ్చేసరికి పార్కులోంచి నెమలి అరిచేది. సౌండ్ చూసే కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి తల అడ్డంగా ఊపేవాడు. మేనేజరు వాచీ చూసుకునేవాడు. టైము దాటితే అందరికీ డబుల్ బేటా. ఆ నెమలిని తిట్టనివాడు ఆ రోజు మా యూనిట్‌లో లేడు, ఆ డైలాగు రాసిన నాతో సహా. ఇవాళ ఆ నెమలి తరఫున మాట్లాడటానికే మీ ముందుకు వచ్చాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వాక వినండి.

మనం రోజూ దాటే ఫిల్మ్ నగర్ జంక్షన్ ఇక ఇలాగే ఉండదు. 2024లో ప్రభుత్వం కె.బి.ఆర్. పార్కు చుట్టూ ఆరు జంక్షన్ల దగ్గర ఫ్లైఓవర్లకు, అండర్‌పాస్‌లకు 826 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పార్కు ముఖద్వారం, రోడ్డు నంబర్ 45, మహారాజా అగ్రసేన్, క్యాన్సర్ ఆసుపత్రి, వాటితోపాటు మన ఫిల్మ్ నగర్. ఈ కథ మనకు కొత్త కాదు. 2016లోనూ ఇదే పార్కు చుట్టూ ఫ్లైఓవర్లన్నారు, వేల చెట్లకు గండమన్నారు. అప్పుడు పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు రోడ్డు మీదికి వచ్చి చెట్లను కౌగిలించుకున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేత ఆపమంది. ఎనిమిదేళ్లకు అదే కథ కొత్త టైటిలుతో మళ్లీ సెట్స్ మీదికి వచ్చింది. రీమేక్ అంటే మనకు తెలియనిదా!

నేను ఫ్లైఓవర్లు వద్దనే మనిషిని కాను. ముందే ఒప్పుకుంటున్నాను. చెక్‌పోస్ట్ దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కుని, లొకేషన్‌కు ఆలస్యంగా వెళ్లి, అసోసియేట్ డైరెక్టర్ చేత మాట పడ్డవాణ్ణే. రోడ్డు కావాలి. పని కావాలి. పెట్టుబడి కావాలి. అసలు మన పెద్ద ఇంటి పేరేమిటి? తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్. కామర్స్! కళామతల్లి ఆ బోర్డు మీద ఎక్కడా లేదు. వ్యాపారాన్ని తిట్టే అర్హత మనకు లేదు, అవసరమూ లేదు. నేను మాట్లాడేది వేరే సంగతి. వ్యాపారం తన తేదీని ఎప్పుడూ మరిచిపోదు. చట్టం మనకిచ్చిన తేదీలను మాత్రం మనం ఒక్కటీ గుర్తుపెట్టుకోం. నేను చూసినంతలో ఈ నగరంలో పర్యావరణ చట్టం ఓడిపోయిన చోటల్లా చట్టం బలహీనమై ఓడిపోలేదు. మన తరఫు కుర్చీ ఖాళీగా ఉండి ఓడిపోయింది.

ఒక మంచి ఉదాహరణ ఇదే పార్కు. మూడున్నర వందల ఎకరాల పైచిలుకు అడవి, నగరం నడిబొడ్డున. లోపల చిరాన్ ప్యాలెస్, వందల రకాల మొక్కలు, నూరుకు పైగా పక్షి జాతులు. 1998లో జాతీయ పార్కు అయింది. జాతీయ పార్కు అంటే గోడ ఒక్కటే సరిపోదు. గోడ బయట కూడా కొంత మేర పర్యావరణ సున్నిత మండలం ఉండాలి. లోపలి అడవికి బయటి హోరు నేరుగా తగలకుండా మధ్యలో ఒక పరదా లాంటిది. అది ఎంత ఉండాలో చెప్పే తుది నోటిఫికేషన్ 2020 అక్టోబరులో కేంద్రం ఇచ్చింది. ఎంతో తెలుసా? ఒక చోట 29.8 మీటర్లు, ఇంకో చోట 3 మీటర్లు. మూడు మీటర్లు! మన క్రేన్ చెయ్యి అంతకన్నా పొడుగు. అలాంటి నోటిఫికేషన్‌కు ముందు ముసాయిదా వస్తుంది, జనం అభ్యంతరాలు చెప్పడానికి అరవై రోజులు గడువుంటుంది. ఆ అరవై రోజుల్లో ఈ కొండ మీది మన వాళ్లలో ఎంతమంది ఒక తెల్లకాగితం రాసి పంపారు? నేను పంపలేదు. ముసాయిదా వచ్చిన సంగతే నాకు తెలియదు. ఎవరినీ నిందించే ముందు ఇది చెప్పుకోవాలి కనక చెబుతున్నాను.

తర్వాతి మలుపు ఇంకా చేదు. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి జాతీయ పార్కు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు సున్నిత మండలం ఉండాలని ఆదేశించింది. 2023 ఏప్రిల్‌లో దాన్ని సడలిస్తూ, ముందే ముసాయిదా గానీ తుది నోటిఫికేషన్ గానీ వచ్చిన చోట ఈ కిలోమీటరు వర్తించదంది. మన పార్కుకు ముందే వచ్చేసింది కదా! మనం నిద్రపోయిన ఆ అరవై రోజులే మనకు మూడు మీటర్లు మిగిల్చాయి. నగరం నడుమ కిలోమీటరు కుదరదన్నది నిజమే, సగం జూబ్లీహిల్స్ అందులో పడుతుంది. కానీ కిలోమీటరుకూ మూడు మీటర్లకూ మధ్య మాట్లాడుకోవడానికి చాలా చోటుంది. మాట్లాడాల్సిన వేళకు మనం రాలేదు.

చట్టం బలహీనం కాదన్నాను. నమ్మకపోతే ఒక తెలుగు కథ చెబుతాను. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ దెబ్బకు కట్టిన చెరువులే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఇక్కడివాళ్లకు గండిపేట నీళ్లు అంటే తెలుసు. ఊరు వదిలి వెళ్లనివ్వవని సామెతలా చెప్పుకునేవాళ్లు. ఆ చెరువుల పరివాహకంలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దని 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. పెద్దషాపూర్‌లో ఒక నూనెల కంపెనీ ఫ్యాక్టరీ పెట్టబోయింది. ఒక్క బొట్టు వ్యర్థం కూడా బయటికి పోదని వాదించింది. ప్రభుత్వం ఆ కంపెనీ ఒక్కదానికి మినహాయింపు కూడా ఇచ్చేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరిలో తీర్పు రాసింది ఒక తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఇవాళ్టికీ దేశమంతా న్యాయవాదులు చదువుకునే తీర్పు అది. దాని సారం మన భాషలో చెప్పాలంటే: చెరువు చెడిపోతుందని ఊరివాళ్లు నిరూపించనక్కర్లేదు, చెడిపోదని ఫ్యాక్టరీ పెట్టేవాడే నిరూపించాలి. అనుమానం ఉంటే లాభం నీళ్లకే ఇవ్వాలి గానీ కంపెనీకి కాదు. 2000 డిసెంబరులో తుది తీర్పు వచ్చింది. ఆ ఫ్యాక్టరీ రాలేదు.

జీవో 111 వచ్చిన ఆ 1996 చివర్లోనే, డిసెంబరు 12న, అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాటంది. రికార్డులో అడవి అని రాసి ఉందా, ఎవరి పేరు మీద ఉంది అన్నవి పక్కన పెట్టి, నిఘంటువులో అడవి అంటే ఏమిటో దానికి సరిపోయేదంతా అడవేనంది. ఆ ఏడాదే మన నగరంలో బండల్ని కాపాడుకుందామని కొంతమంది చేరి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టుకున్నారు. బండలేమిటి, వాటిని కాపాడటమేమిటని నవ్వినవాళ్లున్నారు. రెండున్నర వందల కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ అది. మన స్టూడియోలు లేచింది ఆ బండల్ని పేల్చే. 1976 సంక్రాంతికి అన్నపూర్ణ స్టూడియోస్ తెరుచుకున్న నాటికి ఈ కొండంతా రాళ్లూ తుప్పలే. అంత దూరం ఎవడొస్తాడని నవ్విన ఊరది. పాత సినిమాల్లో హీరో విలన్‌ను తరిమి కొట్టిన బండలు ఎక్కడున్నాయో ఇప్పుడు వెతకండి. ఒక్కోదాని మీద ఒక్కో అపార్ట్‌మెంట్ ఉంటుంది. రాళ్ల సంఘంవాళ్లు పట్టుబట్టబట్టి తొమ్మిది రాతి రూపాలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. అందులో ఒకటి ఫిల్మ్ నగర్ పక్కనే ఉంది. పేరు ‘మాన్‌స్టర్ రాక్’. రాక్షసుడి బండ. మన ఫాంటసీ సినిమాలకు గ్రాఫిక్స్ కంపెనీలు కోట్లు తీసుకుని గీసే రాక్షసులకన్నా గంభీరంగా ఉంటుంది. మనలో ఎంతమంది చూశాం?

మన కంటిన్యుటీ అసిస్టెంట్లను అడగండి. ముందు షాట్‌లో హీరో ఎడమ చేతికి గడియారం ఉండి, తర్వాతి షాట్‌లో లేకపోతే వాళ్లు గొంతు చించుకుంటారు. మొన్నటి షాట్‌లో ఉన్న కొండ ఇవాళ్టి షాట్‌లో లేకపోతే ఒక్కరం మాట్లాడం.

సరే, చట్టాలు అంత గట్టివైతే 2025 మార్చిలో కంచ గచ్చిబౌలిలో ఏం జరిగింది? అక్కడే నిలబడి ఆలోచించాలి మనం. ‘కంచ’ అన్న మాటను ముందు సరిగ్గా అర్థం చేసుకుందాం. తెలంగాణలో కంచ అంటే పనికిరాని పడావు కాదు. పశువులు మేసే, తుప్పలు, చెట్లు, కుంటలు ఉన్న నేల. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన అలాంటి 400 ఎకరాలు. 2003లో ఒక క్రీడా సంస్థకిచ్చి, 2006లో రద్దు చేసి, ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, చివరికి 2024లో ప్రభుత్వం గెలిచిన భూమి. మార్కెట్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. కేసు గెలిచాం, పత్రం మా పేరునుంది, అభివృద్ధి చేస్తాం, ఉద్యోగాలొస్తాయి అంది ప్రభుత్వం. ఆ వాదనలో సత్యం లేకపోలేదు. కానీ పత్రం ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, నేల మీద ఏముందన్నది ఇంకో ప్రశ్న. 1996లో కోర్టు అడగమన్నది రెండోదాన్ని.

జేసీబీలు ఎప్పుడు దిగాయో గుర్తు తెచ్చుకోండి. మార్చి 30 ఆదివారం, ఉగాది. మర్నాడు రంజాన్. మనం ఇంట్లో పచ్చడి కలుపుకుంటున్నాం, సేమియా వండుకుంటున్నాం. కోర్టులకు సెలవు. అంత హడావుడిగా సెలవుల్లోనే ఎందుకు మొదలుపెట్టారని తర్వాత సుప్రీంకోర్టే అడిగింది. ఏప్రిల్ 3న నరికివేత ఆపింది. ఏప్రిల్ 16న, నరికిన నూరెకరాల్లో అడవిని మళ్లీ ఎలా తెస్తారో చెప్పమంది, లేదంటే అధికారులు జైలుకు పోవాల్సి వస్తుందంది. ఆ నాలుగు రోజుల్లో నూరెకరాలు పోయాయి. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే నాలుగొందలూ పోయేవి. ఆపింది ఎవరు? తరగతులు వదిలి, లాఠీలు తిని, కేసులు పెట్టించుకుని గేటు దగ్గర కూర్చున్న విద్యార్థులు. హైకోర్టు గుమ్మం ఎక్కిన మామూలు మనుషులు. ఇరవై ఏళ్ల పిల్లలు!

మనమేం చేశాం? మన తారలు కొందరు పోస్టులు పెట్టారు. మెచ్చుకుంటాను. లక్షల మంది చూశారు. కానీ పోస్టు వేరు, పిటిషన్ వేరు. పోస్టుకు లైకులొస్తాయి, పిటిషన్‌కు నంబరొస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి, మీలో కొందరికి నచ్చదు. ఆ రోజుల్లో ఏఐతో తయారుచేసిన జింకల బొమ్మలు, నెమళ్ల బొమ్మలు నిజం వాటితో కలగలిసి తిరిగాయి. ప్రభుత్వం దాన్నే పట్టుకుని, ఇదంతా అబద్ధపు ప్రచారమంది. బొమ్మలు చేయడం మన వృత్తి. ఏది గ్రాఫిక్కో ఏది రా ఫుటేజో మనకన్నా బాగా చెప్పగలిగేవాళ్లు ఈ దేశంలో లేరు. ఆ వారం మన వీఎఫ్ఎక్స్ కుర్రాళ్లు పదిమంది కూర్చుని, ఇది నిజం, ఇది నకిలీ అని తేల్చి పెట్టి ఉంటే, అది వెయ్యి పోస్టుల పెట్టు అయ్యేది. అబద్ధంతో అడవిని కాపాడలేం. అబద్ధం కోర్టులో నిలవదు.

మన ఇంటి సంగతీ మాట్లాడదాం. అడవుల్ని దత్తత తీసుకున్న తారలు మనలో ఉన్నారు. 2020లో ప్రభాస్ ఖాజీపల్లి అడవిని, 2022లో నాగార్జున చెంగిచెర్ల అడవిని దత్తత తీసుకున్నారు. కానీ 2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర నాగార్జునకు చెందిన ఎన్-కన్వెన్షన్ హాలును ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. చెరువు పరిధిలో కట్టారని హైడ్రా అంది. అది పట్టా భూమి అని, ఆక్రమణ కాదని ఆయన అన్నారు. హైకోర్టు స్టే ఇచ్చేసరికి హాలు నేలమట్టమైపోయింది. ఎవరిది ఒప్పో తేల్చేది కోర్టు, నేను కాదు. నాకు కనిపించేది ఒకటే. చెరువు గట్టు ఎక్కడో, దాని పూర్తి నీటి మట్టం ఎక్కడిదాకానో మొదటి ఇటుక పేర్చేనాడే తేల్చి, బోర్డు పాతి ఉంటే, చెరువూ మిగిలేది, హాలు ఇంకోచోట లేచేది, ఏళ్ల తరబడి అక్కడ పెళ్లిళ్లూ ఆడియో ఫంక్షన్లూ నడిపి బతికిన వంటవాళ్లు, లైటింగ్ వాళ్లు రోడ్డున పడేవాళ్లు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే చట్టం చెరువుకూ మంచిది కాదు, వ్యాపారానికీ మంచిది కాదు. చట్టం వేళకు రావడం వ్యాపారికే ఎక్కువ అవసరం. ఈ ముక్క మన నిర్మాతలు అర్థం చేసుకోవాలి.

ఇక మన సెట్లు. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మాకోల్ దేశమంతటా నిషేధం. సెట్టు అలంకరణ కిందికి రాదని వాదించే లాయరు దొరక్కపోడు. కానీ ప్యాకప్ చెప్పాక ఆ థర్మాకోల్ స్తంభాలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సింహాలు ఎటు పోతాయో మనకు తెలుసు. రాత్రికి లారీ ఎక్కి ఊరి చివర ఏదో కుంటలోకి. కూల్చిన కట్టడాల చెత్తకు 2016 నుంచి నియమాలున్నాయి, జీడిమెట్లలో దాన్ని శుద్ధి చేసే ప్లాంటూ ఉంది. ఆర్ట్ డైరెక్టర్లారా, మీ బడ్జెట్ కాగితంలో ‘సెట్ తీసివేత’ అని ఒక గీత వేయండి. ప్రొడ్యూసర్ దాన్ని కొట్టేస్తాడు. మళ్లీ వేయండి. గుమ్మడికాయ కొట్టినంత మాత్రాన సినిమా అయిపోలేదు, సెట్టు చెత్త వెళ్లాల్సిన చోటికి వెళ్లాకే అయిపోయిందని యూనియన్ రూలు పెట్టండి. మంచి చేయడానికి జీవో రానక్కర్లేదు.

బస్తీ తమ్ముళ్లు నన్ను ఒకటి అడుగుతారు, అడగాలి కూడా. “అన్నా, నీకు నెమలి, మాకు కూలి. వేసవిలో ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడేది మేము. చట్టం వస్తే ముందు కూలేది మా గుడిసే.” నిజం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని పర్యావరణం డాబా మీది పూలకుండీయే. నా జవాబు ఇది. ఈ కొండ మీద బండల సందుల్లో ఇంకిన నీళ్లే కింద బస్తీ బోరులోకి వచ్చేవి. కొండను చదును చేసి, కాంక్రీటు పోసి, పైన ఈతకొలను కట్టినవాడు ట్యాంకరు కొనుక్కోగలడు. నువ్వు కొనుక్కోలేవు. అడవి పోతే ముందు దాహం వేసేది నీకే. అందుకే ఈ ఉద్యమం నీది కూడా. నువ్వు లేకుండా మేమొక్కళ్లమే రోడ్డెక్కితే అది ఉద్యమం కాదు, వాకర్స్ క్లబ్.

రాజ్యాంగంలో 51ఏ అధికరణం ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చింది. మన స్టూడియోలు ఈ కొండెక్కుతున్న రోజుల్లోనే. అడవుల్నీ చెరువుల్నీ నదుల్నీ వన్యప్రాణుల్నీ కాపాడి మెరుగుపరచడం ప్రతి పౌరుడి విధి అంటుంది. హక్కుల గురించి సినిమాలు చాలా తీశాం. విధి గురించి తీసినవి తక్కువ, ఆడినవి ఇంకా తక్కువ.

విధి అంటే గొప్ప త్యాగమేమీ కాదు. కొంచెం గుమాస్తా పని. మన దగ్గర దానికి కావలసినవాళ్లంతా ఉన్నారు. రచయితలు అభ్యంతర పత్రం రాయగలరు. మనకన్నా సూటిగా రాసేవాళ్లెవరు? కెమెరా అసిస్టెంట్లు ప్రతి చెట్టునూ తేదీతో, స్థలంతో ఫొటో తీయగలరు. మేనేజర్లు తేదీలు పట్టుకోగలరు. వంద మంది కాల్‌షీట్లు ఒక్క డైరీలో మోసేవాళ్లకు ఒక ప్రజాభిప్రాయ సేకరణ తేదీ లెక్కా? పెద్ద ప్రాజెక్టుకు అలాంటి సభ పెట్టాలంటే నెల ముందు పత్రికలో ప్రకటన రావాలి. ఆ ప్రకటన సాధారణంగా లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల్లో వస్తుంది. పొద్దున్నే సినిమా రివ్యూలు వెతుక్కునే కళ్లు దాన్నీ ఒకసారి చూడాలి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి ‘వాల్టా’ చట్టం కింద అనుమతి కావాలి. ఆ అనుమతి ఉందా అని రోడ్డు మీద నిలబడి అడగడం నేరం కాదు. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. దాని దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. మన పెద్దలు మద్రాసు వదిలి ఈ బండల మీదికి వచ్చారు. ఈ బండల కోసం మనం మళ్లీ మద్రాసు రైలెక్కాల్సొస్తే ఎక్కుదాం! ఇప్పుడు వీడియోలో కూడా వింటున్నారు కనక ఎవరికీ షూటింగ్ పోదు.

పదిమంది చాలు అని నేననను. ఈ జంక్షన్ దాటేవాళ్లం వేలమందిమి. జూబ్లీహిల్స్ పెద్దాయనా, మీ లాయరును ఒక పూట మాకివ్వండి. హీరో గారూ, మీ పోస్టు కింద పిటిషన్ నంబరు కూడా పెట్టండి. యూనియన్ పెద్దలూ, నెలకొకసారి మీటింగులో ఈ ఒక్క అంశానికి పది నిమిషాలివ్వండి. బస్తీ చెల్లెమ్మా, మీ వీధి బోరు ఏ నెలలో ఎండిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. కోర్టులో నా ఉపన్యాసం కన్నా ఆ నోటుబుక్కుకే విలువ ఎక్కువ.

రేపు పొద్దున కృష్ణానగర్‌లో యూనిట్ బస్సు కోసం నిలబడ్డప్పుడో, ఫిల్మ్ నగర్ జంక్షన్‌లో సిగ్నల్ పడ్డప్పుడో ఒకసారి తలెత్తి చూడండి. చెట్ల బోదెల మీద పెయింటుతో వేసిన అంకెలు కనిపిస్తే, ఎవరో లెక్క రాశారని అర్థం. ఎన్ని చెట్లు, ఎవరు అనుమతిచ్చారు, ఎన్ని తరలిస్తారు, ఎక్కడికి తరలిస్తారు? ఆ లెక్క నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఫీజు పది రూపాయలు. కృష్ణానగర్‌లో టీ ఇప్పుడు అంతకన్నా ఎక్కువే.